రానివాళ్ళ సంగతి

మా సోషల్ మాస్టారు పోయారని పదో తరగతి గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు ఎవరూ వెంటనే దణ్ణం బొమ్మలు పెట్టలేదు. మామూలుగా అయితే మా గ్రూపులో ఎవరి పెదనాన్న పోయినా క్షణంలో వరసగా పూలదండలు పడిపోతాయి. ఈసారి మాత్రం "ఎవరు చెప్పారు?" అని ఒకరు, "ముందు సరిగ్గా కనుక్కోండి బాబూ" అని ఇంకొకరు. అందరికీ భయం. ఎందుకంటే అంతకు ముందు ఒకసారి ఆయన్ని మేమే చంపేశాం. చంపేసి, ఫ్లెక్సీ కొట్టించి, దండేసి, మౌనం పాటించడానికి లేచి నిలబడ్డాం కూడా.

నేను గుడివాడలో నర్సుని. మనుషులు పోవడం నాకు కొత్త కాదు. ఒక మంచం ఖాళీ అయితే దుప్పటి మార్చి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోవడం నా పని. అలాంటిదాన్ని, మా క్లాసు లీడరు శ్రీను ఫోన్ చేసి "ఈసారి నిజమేనే కరుణా, వాళ్ళబ్బాయితో మాట్లాడాను" అనగానే చేతిలో ట్రే పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. "ఏమైంది సిస్టరూ?" అని అడిగినవాళ్ళకి "మా మాస్టారు" అని మాత్రం చెప్పగలిగాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మాకు ఆ పేరుతో ఎప్పుడూ పనిపడలేదు. దివిసీమలో సముద్రం వైపు ఊళ్ళలో మాదొకటి. ఆ చుట్టుపక్కల సోషల్ మాస్టారు అంటే ఆయనే. సొంతూరు మొవ్వ దగ్గర. మా ఊళ్ళో గది అద్దెకి తీసుకుని ఉండేవారు. ఎండాకాలమైనా వానాకాలమైనా మెడ చుట్టూ తడి చేతిరుమాలు, సైకిల్ హ్యాండిల్‌కి గొడుగు. వాన పడితే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కేవారు. రెండుసార్లు కాలవలో పడ్డారు. లేచి, ముందు గొడుగు విరిగిందేమో చూసుకుని, తర్వాత తనని తాను చూసుకున్నారు.

ఆయన హాజరు వేయడం ఒక పెద్ద తతంగం. మిగతా టీచర్లు నంబర్లు పిలిచి చకచకా ముగించేవారు. ఈయన ఇంటిపేరుతో మొదలుపెట్టి, అసలు పేరు పూర్తిగా పలికి, చివర ఊరు కూడా కలిపి, శుభలేఖ చదివినట్టు చదివేవారు. అందులోనే సగం పీరియడ్ అయిపోయేది. అదేం మాకు బాధ కాదు. అసలు బాధ ఆ తర్వాత ఉండేది. రిజిస్టరు మూసి, కళ్ళజోడు ముక్కు మీదకి దించి, మా అందరినీ ఓసారి చూసి అనేవారు.

"వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారుగా. రానివాళ్ళ సంగతి చెప్పండి."

ఎవరో ఒకరు లేచి చెప్పాలి. జ్వరమండీ అంటే "ఎవరు చూశారు?" అనేవారు. కోతలకి వెళ్ళాడండీ అంటే "ఎవరి చేలో?" అనేవారు. ఏం చెప్పినా ఊరుకునేవారు గానీ "తెలీదండీ" అన్నామో, అయిపోయినట్టే.

"పక్క బెంచీలో మనిషి లేకపోతే తెలీదా? పొద్దున్న అన్నం ఎలా దిగిందమ్మా నీకు?"

నాకు ఒళ్ళు మండిపోయేది. రానివాడు హాయిగా ఇంట్లో పడుకుంటాడు, వచ్చినందుకు నాకు చీవాట్లు! ఇదెక్కడి న్యాయమని మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. మా నాన్న చర్చిలో పెద్ద. ఆయన ఇదంతా విని "మన పాస్టరు గారు కూడా ఇంత బాగా కనుక్కోరే" అని నవ్వి ఊరుకున్నాడు. ఇక లాభం లేదని పొద్దున్నే దారిలో కనుక్కోవడం మొదలుపెట్టాం. దడి అవతల నుంచి "ఒరేయ్, వస్తున్నావా లేదా? మాస్టారికి చెప్పాలి!" అని అరుచుకుంటూ పోయేవాళ్ళం. అలా అరవగా అరవగా ఎవరింట్లో ఏం జరుగుతుందో మాకు తెలియకుండానే తెలిసిపోయేది. ఎవరమ్మకి ఒంట్లో బాలేదో, ఎవరి నాన్న వేటకెళ్ళి ఇంకా ఒడ్డుకి రాలేదో అన్నీ తెలిసేవి. ఇప్పుడు వార్డులోకి వెళ్ళగానే నా చూపు ముందు ఖాళీ మంచం మీదకే పోతుంది. ఆ రోగం ఆయన అంటించిందే.

ఇంకో సంగతి చెప్పి తీరాలి. ఆయన బోర్డు మీద భారతదేశం పటాన్ని సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో గీసేవారు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా వంక పెట్టడానికి లేదు. తూర్పు తీరానికి వచ్చేసరికి మాత్రం కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఒక పెద్ద బుడిపె తేలేది. అది మన దివిసీమ.

"అంత పెద్దగా ఉండదు కదండీ" అని శ్రీను అడిగితే "నిజమే నాయనా. కానీ ఇంత దేశంలో మన ఊరు కనపడాలంటే కాస్త పెద్దగా వెయ్యాలి కదా" అన్నారు. మాకు అది సబబుగానే తోచింది. పబ్లిక్ పరీక్షలో క్లాసు క్లాసంతా ఆ బుడిపెతోనే పటం గీసి వచ్చాం. ఎక్కడో కూర్చుని మా పేపర్లు దిద్దినాయన ఈ దేశానికి ఈ వాపేమిటా అని ఎంత బుర్ర గోక్కున్నాడో పాపం. మార్కులు పోయాయి. ఈ రోజుకీ నన్ను పటం గీయమంటే అలాగే గీస్తాను.

ఇక నాంచారమ్మ. పల్లెపాలెం నుంచి వచ్చేది, నా పక్కనే కూర్చునేది. లెక్కల్లో నాకంటే గట్టి, నోట్లో మా అందరికంటే గట్టి. పదో తరగతి సగంలో వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. నాన్న వేటకి పోతే ఆ చేపలు ఎవరో ఒకరు అమ్మాలిగా? బుట్ట నాంచారమ్మ నెత్తికెక్కింది. మాస్టారు పల్లెపాలెం చుట్టూ చాలా తిరిగారు. ఒక వారం వచ్చింది, మళ్ళీ ఆగిపోయింది. హెడ్మాస్టరు గారు పేరు తీసేద్దామంటే ఈయన "కొట్టెయ్యడానికి ఎంతసేపు లెండి, ఉండనివ్వండి" అన్నారు.

రోజూ ఆ పేరు పిలుస్తూనే ఉన్నారు. మేం "రాలేదండీ" అంటే "చూశాను పొద్దున. బాగానే ఉంది. బుట్టలో కొయ్యింగ చేపలున్నాయి" అని ఆయనే చెప్పేవారు. అదెలాగో ఒకరోజు మేం కళ్ళారా చూశాం. నాంచారమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఎదురొస్తోంది. మాస్టారు సైకిల్ దిగి, రోడ్డు పక్కన నిటారుగా నిలబడి, ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి క్లాసులో పిలిచినట్టే పిలిచారు. అది బుట్ట కదలకుండా ఆగి, "ప్రెజెంట్ సార్!" అని గట్టిగా అరిచింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన సైకిలెక్కి స్కూలుకి, అది చేపలు అమ్ముకోవడానికి. అంతే. ఏడాది చివరిదాకా అలాగే జరిగింది. పరీక్ష ఫీజు కట్టే రోజులకి వాళ్ళమ్మ పరిస్థితి మరీ విషమించి అది రాయలేదు. మేం రాశాం, బందరు ఒకరు, విజయవాడ ఒకరు, ఎవరి దారిన వాళ్ళం పోయాం.

పాతికేళ్ళు దాటాక అందరికీ ఉన్నట్టే మాకూ ఆత్మీయ సమ్మేళనం పిచ్చి పట్టింది. మగవాళ్ళకి ఆకుపచ్చ టీషర్టులు, ఆడవాళ్ళకి ఆకుపచ్చ చీరలు. బడి ఆవరణలో టెంటు, మైకు, బిర్యానీ. కాలం చేసిన గురువులకి ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న ఫ్లెక్సీ. ఇంకో మండలంలో సోషల్ మాస్టారొకాయన పోతే ఎవరో ఆ కబురు మా గ్రూపులో పెట్టారు. "అయ్యో, మన మాస్టారే" అని ఒకళ్ళన్నారు, మిగతావాళ్ళం దండలు పెట్టాం. ఎవరు చూశారని ఒక్కళ్ళం అడగలేదు. ఆయన దగ్గర చదువుకుని కూడా!

ఆ రోజు శ్రీను మైకులో పోయినవాళ్ళ పేర్లు చదువుతున్నాడు. అందరం లేచి తలలు వంచాం. మా మాస్టారి పేరు చదివాడు. టెంటు వెనక నుంచి ఖణీమని వినిపించింది.

"ప్రెజెంట్ సార్!"

తిరిగి చూస్తే మెడలో తడి రుమాలు, చంకలో గొడుగు, బస్సు దిగి నడిచి వచ్చిన చెమట. మేం పిలిచిన హిందీ టీచరు గారు "మీరు రావడం లేదా?" అని ఆయనకి ఫోన్ చేసి అడిగారట. పిలుపు ఎక్కడో తప్పిపోయి ఉంటుందిలే అనుకుని బయల్దేరి వచ్చారు. శ్రీను చేతిలో మైకు కింద పడి కుయ్యిమంది. ఎవడో తెలివైనవాడు పరుగెత్తి ఫ్లెక్సీకి అడ్డంగా కుర్చీ పెట్టాడు. మాస్టారు ఆ కుర్చీ జరిపి, కళ్ళజోడు పెట్టుకుని, తన బొమ్మని తీరిగ్గా చూసుకున్నారు.

"ఎక్కడిదయ్యా ఈ ఫొటో?"

"మన... మన గ్రూపు ఫొటోలోదండీ."

"అప్పుడు జుట్టుండేది" అన్నారు.

శ్రీను ఆయన కాళ్ళ మీద పడిపోయాడు. "క్షమించండి మాస్టారూ, ఇంకో సోషల్ మాస్టారు పోతే మీరనుకున్నాం."

"పోన్లే నాయనా. ఆయనా సోషలేగా. ఆయనకి దణ్ణం పెట్టినట్టయింది" అని భుజం తట్టి లేపారు. నేను నవ్వుతూ ఏడ్చానో ఏడుస్తూ నవ్వానో నాకే తెలీదు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత ప్రేమ నాకు చదువుకునే రోజుల్లో ఎప్పుడూ రాలేదు.

శాలువాలు, ప్రసంగాలు అయ్యాయి. గ్రూపు ఫొటోకి కుర్చీలు వేశారు. వరసలు సర్దుకున్నాం. ఫొటో అబ్బాయి "రెడీ అండీ" అన్నాడు. మాస్టారు కూర్చోలేదు. కళ్ళజోడు ముక్కు మీదకి దించారు.

"వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారుగా. రానివాళ్ళ సంగతి చెప్పండి."

అందరం చప్పట్లు కొట్టి ఈలలు వేశాం. పాత రోజులు గుర్తు చేస్తున్నారనుకున్నాం. ఆయన అలాగే నిలబడ్డారు. అప్పుడు శ్రీను చెప్పడం మొదలుపెట్టాడు. ఫలానావాడికి సెలవు దొరకలేదు, ఫలానా ఆమె కూతురికి పురుడు.

"నాంచారమ్మ?"

"ఆ అమ్మాయి మన బ్యాచ్ కాదు కదండీ. పరీక్ష రాసినవాళ్ళ పేర్లు ఆఫీసులో తీసుకుని వాళ్ళనే పిలిచాం."

మాస్టారికి కోపం రావడం నేను చాలాసార్లు చూశాను. ఇది కోపం కాదు. ముఖం చిన్నబోయింది. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించారు.

"నన్ను పోయినవాళ్ళలో వేశారు. నేను బస్సెక్కి వచ్చి, ఉన్నానని చెప్పుకున్నాను. సరిపోయింది. ఆ పిల్లని అసలు ఎందులోనూ వెయ్యలేదు. అది వచ్చి ఏమని చెప్పుకోవాలి?"

ఆయన గొడుగు తీసుకుని గేటు వైపు నడిచారు. ఎక్కడికండీ అంటే "అవనిగడ్డ. ఆదివారం కదా, మార్కెట్లో ఉంటుంది" అన్నారు. వంటాయన "బిర్యానీ చల్లారిపోతుందండీ" అని మొత్తుకుంటున్నా కార్లలో, ఆటోల్లో ఆయన వెనక పడ్డాం.

నాంచారమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో చేప కోస్తోంది. లావయింది, జుట్టు నెరిసింది, ముక్కుపుడక మాత్రం అదే. ఆకుపచ్చ గుంపుని చూసి "ఏ పార్టీ అండీ? అప్పుడే ఎలక్షన్లొచ్చాయా?" అంది. గుంపు వెనక నుంచి మాస్టారు ఇంటిపేరు, పేరు, ఊరు కలిపి పిలిచారు. చేతిలో చేపతోనే లేచి నిలబడింది.

"ప్రెజెంట్ సార్."

ఈసారి అరవలేదు.

"పద. ఫొటో దిగాలి."

"నేనెందుకు మాస్టారూ? నేను పరీక్ష రాయలేదుగా."

"పరీక్ష వేరు, క్లాసు వేరు. క్లాసులో ఉన్నావా లేదా?"

అది ఆయన్ని చూడలేదు. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. "మీరు పిలుస్తారు మాస్టారూ. మీరెప్పుడూ పిలుస్తూనే ఉన్నారు. వీళ్ళు పిలవాలిగా" అంది.

మా ఆకుపచ్చ చీరలన్నీ ఒక్కసారి వెలిసిపోయినట్టనిపించింది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి దాని పక్కకి వెళ్ళాను.

"లేవే. లేచి ముఖం కడుక్కో. ఈ చేప నేను కోస్తాను."

"నీకేం వచ్చే కోయడం?"

"నర్సుని. కోతలూ కుట్లూ నా పనే."

"కుట్టకే తల్లీ, ముక్కలు చాలు" అంది. అప్పటికి నవ్వింది. నేను దాని కత్తిపీట ముందు కూర్చుని కోస్తుంటే కొన్నాయన "ముక్కలేంటమ్మా ఇలా ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది" అని గొణిగాడు. నాంచారమ్మ కుళాయి దగ్గర నుంచే "ఏవండీ, మా క్లాస్‌మేట్ అండీ, సర్దుకోండి" అని అరిచింది. ఆ మాట మార్కెట్టంతా వినిపించింది.

ఆ ఫొటో నా దగ్గరుంది. రెండో వరస చివర మేమిద్దరం, చేపల వాసనతో. మా పక్కవాళ్ళు ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. ముందు వరసలో మాస్టారొక్కరే కెమెరాని చూడడం లేదు. మెడ తిప్పి వెనక వరసల్ని చూసుకుంటున్నారు. వెళ్ళేటప్పుడు తన ఫ్లెక్సీ చుట్టి చంకలో పెట్టుకున్నారు. శ్రీను సిగ్గుతో "చించేస్తామండీ" అన్నా ఇవ్వలేదు. "శుభ్రమైన గుడ్డ. వానాకాలం కట్టెల మీద కప్పుకుంటాను" అన్నారు.

ఆ రోజే నాంచారమ్మని గ్రూపులో చేర్చాం. టైపు చెయ్యదు, వాయిస్ పెడుతుంది. "ఇవాళ పండుగప్పలు బ్రహ్మాండంగా ఉన్నాయి, రాకపోతే మీ ఖర్మ" అని పొద్దున్నే దాని గొంతు వినిపిస్తే నా డ్యూటీ సగం తేలికయ్యేది.

మొన్న మాస్టారి పెద్దకర్మకి మొవ్వ వెళ్ళాం. శ్రీను బందరులో కొత్త ఫ్లెక్సీ కొట్టించి తెచ్చాడు. పందిట్లో అడుగు పెట్టగానే అది మళ్ళీ కారులో పెట్టేశాడు. అక్కడ పాతదే కట్టి ఉంది. కడిగారు గానీ కట్టెల గీతలు పోలేదు. ఒక మూల ఎండకి వెలిసింది. మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

"ముఖం పైకి వచ్చేలా కప్పేవారమ్మా. ఇంటికి ఎవరొచ్చినా దొడ్లోకి తీసుకెళ్ళి, మా పిల్లలు వేయించారని చూపించేవారు. నేను తిట్టేదాన్ని, బతికుండగా ఇదేం పాడు సరదా అని. 'నేను పోయాక మళ్ళీ కొత్తదెందుకు, ఇదే కట్టండి' అన్నారు."

నేను వార్డుల్లో దాచుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చాను.

భోజనాలయ్యాక బ్యాచ్ అంతా ఆ ఫ్లెక్సీ ముందు చేరాం. నాంచారమ్మ మా అందరికంటే ముందే వచ్చి, వడ్డన కూడా చేసి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ముందు వరసలో నిలబడింది. శ్రీను గొంతు సవరించుకున్నాడు.

"అందరం వచ్చినట్టేగా. ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

"ఆగు" అంది నాంచారమ్మ. మా వైపు తిరిగింది. అందరినీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"వచ్చినవాళ్ళు కనిపిస్తున్నారుగా. రానివాళ్ళ సంగతి చెప్పండి."

ఎవరూ ఈల వెయ్యలేదు. ఆయన బొమ్మ వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడి, మౌనం సంగతి మర్చిపోయి, ఒక్కొక్కళ్ళం చెప్పడం మొదలుపెట్టాం. నా వంతు వచ్చింది.

"సత్యవతి రాలేదండీ. ఒంట్లో బాలేదండీ."

"ఎవరు చూశారు?" అంది నాంచారమ్మ.

"నేనండీ" అన్నాను.